గుఱ్ఱపుసాలకు స్థలము, గాలి, నీటిదారి

గత రెండు మూడు మాసములుగా మన సంఘసభ్యులు కొందఱు మా యొద్దకు వచ్చి, గుఱ్ఱపుసాల కట్టుటకు సంఘమునుండి అప్పు దొరకునా, దొరకినచో ఏ కొలతలతో కట్టవలెను అని యడుగుచున్నారు. పూర్వము మమ్ము ఈ ప్రశ్న యడిగినవారు లేరు. బావి, ఎద్దులు, గేదెలు, విత్తనములు, ఎరువులు, ఇవియే మన అప్పుల చిట్టాలో కనబడు పేర్లు. కాని కాలము మాఱినది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱవబడిన నాటినుండి ఆ ఊరి చెలకలును రాతిగుండ్లును ఒకటొకటిగా మేడలక్రింద మఱుగుపడినవి. ఆ మేడలలో ఉద్యోగము చేయువారు తమ పిల్లలకు గుఱ్ఱపుస్వారి నేర్పింపగోరి, అజీజునగరము, మొయినాబాదు, శంకరుపల్లి దిక్కులకు సెలవుదినములలో వచ్చుచున్నారు. స్వారి నేర్పువారు రైతులను జూచి, మీ పొలములో సాల కట్టియిండు, గుఱ్ఱమున కింతయని నెల అద్దె యిత్తుము అనుచున్నారు. పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను త్రిప్పువారును సాలలకై వెదకుచున్నారు. ఇందు లాభము లేకపోలేదు. కాని అద్దె వచ్చునది గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నంతకాలమే. కావున ఈ నెల పాఠమును గుఱ్ఱపుసాలకే కేటాయించితిమి.

సభ్యులు మాకు తెచ్చి చూపిన పటము లన్నియు గోడలతోనే మొదలైనవి. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ. మనుష్యుడు తనకు కట్టుకొను పడకగది యెట్లుండునో గుఱ్ఱమునకును అట్లే యుండవలెనని వారి యూహ. ఇది ప్రేమచేత కలిగిన పొరపాటు. పూర్వపు రిసాలాలలో గుఱ్ఱములను ఆరుబయట వరుసలుగా నిలిపి, ముందు అగాడి, వెనుక పిఛాడి త్రాళ్లతో కట్టి, చలిలో పైన నొక కంబళి కప్పి ఉంచెడివారు. ఆ గుఱ్ఱములే యుద్ధములకు పోయి వచ్చినవి. గుఱ్ఱము చలికి ఓర్చును, గాలికి ఓర్చును. మూసిన యింటిలోని చెడుగాలికి, తడిసిన నేలకు మాత్రము ఓర్వదు. కావున గోడల సంగతి కడపట ఆలోచింపవలెను. ముందుగా గాలి ఎటు వచ్చును, ఎటు పోవును, నీరు ఎటు పోవును, లద్దె ఎటు పోవును అను వానిని నిశ్చయింపవలెను.

గుఱ్ఱము ఎద్దువంటిది కాదు. ఎద్దు తిన్నదానిని మరల నెమరువేయును. కట్టుగొయ్యయొద్ద మూరెడు చోటున పండుకొని రాత్రి గడుపును. గుఱ్ఱపు కడుపు దాని శరీరమును బట్టి చూడగా మిక్కిలి చిన్నది. అది కొంచెము కొంచెముగా పగలు రాత్రి మేయవలసినదే. తిన్నది సరిపడనిచో వాంతి చేసికొనలేదు. కావుననే శూల పుట్టి ప్రాణముమీదికి వచ్చును. అది నోటితో గాలి పీల్చజాలదు, ముక్కుతోనే పీల్చవలెను. గాఢనిద్ర పోవుటకు ప్రక్కకు వ్రాలి కాళ్లు చాచుకొని పండుకొనును. ఇరుకుచోట నట్లు పండుకొని పొర్లినచో కాళ్లు గోడకు తన్ని లేవలేక చిక్కుకొనును. ఈ సంగతులు తెలిసినచో కొలతలు వానంతట నవియే వచ్చును. పెద్ద గుఱ్ఱమునకు అర 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉండవలెను. చిన్న తట్టునకు 10 అడుగుల చదరము చాలును. ఈనబోవు గోడిగకు 14 అడుగులకు తక్కువ గాకుండ నీయవలెను. తలుపు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. దానికంటె సన్నని తలుపున గుఱ్ఱపు తుంటియెముక తగిలి దెబ్బ తినును. ఒకసారి తగిలిన గుఱ్ఱము ఆ తలుపును జూచి మరల ప్రతిదినమును బెదరును.

ఇక దిక్కులు. మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరమున ఇంచుమించు పదునేడున్నర డిగ్రీలలో నున్నది. మే నెల 10వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నసూర్యుడు సరిగా మన నడినెత్తిన నుండును. అది మొదలు ఆగస్టు తొలిదినములవఱకు అతడు ఉత్తరపువైపునకు కొంచెము ఒరగి నడచును. తక్కిన కాలమంతయు దక్షిణపువైపుననే యుండును. ఎండతాపము సాలకు ముఖ్యముగా పడమటినుండి తగులును. మధ్యాహ్నము మూడు గంటలనుండి సూర్యాస్తమయమువఱకు పడమటిగోడ పెనమువలె కాగును. కావున సాలను తూర్పుపడమరలుగా పొడవుగా సాగదీసి, పడమటి కొనను గుఱ్ఱములకు గాక సామానులకు విడిచిపెట్టవలెను. వసారా ఉత్తరమున, కిటికీలు దక్షిణమున. దక్షిణమున చూరు మూడడుగులు ముందుకు వచ్చినచో, నడివేసవి యెండ లోపలికి రాదు. చలికాలమున ఉదయపుటెండయు సాయంత్రపుటెండయు ఏటవాలుగా లోనికి వచ్చి నేలను ఆరజేయును. నైఋతివానలు మాత్రము అటునుండియే కొట్టును. దానికి గోడ కట్టరాదు. తడకనో మందపు గుడ్డనో చుట్టగా చూరునకు వ్రేలాడగట్టి, వానవేళ దింపి, వాన వెలిసిన వెంటనే ఎత్తవలెను. ఎత్తుట మఱచువాడు గోడ కట్టినవానితో సమానమే.

ఇచ్చట ఒక సాల కథ చెప్పవలసియున్నది. ఊరిపేరు, మనిషిపేరు చెప్పుట న్యాయము గాదు. కొన్నియేండ్లక్రిందట ఒక రైతు అప్పు తీసికొని ఆఱు అరల సాల కట్టెను. పని శుభ్రముగా చేసెను. గోడలు కప్పువఱకు లేపెను. వెనుకగోడకు అరకొకటి చొప్పున మూరెడు కిటికీలు పెట్టెను. అరలపైన అటక వేసి ఏడాదికి సరిపోవు గడ్డి దానిపై నింపెను. ఆషాఢమాసమున గుఱ్ఱములు వచ్చినవి. కార్తికము వచ్చునప్పటికి మూడు గుఱ్ఱములు దగ్గసాగెను. చలిచేత దగ్గుచున్నవని తలచి ఆయన కిటికీలకు గోనెలు బిగించెను. దగ్గు హెచ్చెను. అప్పుడు మాకు కబురు వచ్చెను.

మేము తెల్లవాఱుజామున, తలుపు తెఱవకముందే పోయితిమి. ఏలయన పగలు తలుపులు తీసిన పిమ్మట ఏ సాలయైనను మంచిదిగానే కనబడును. లోనికి పోయి, గుఱ్ఱము పండుకొన్నప్పుడు దాని ముక్కు ఉండు ఎత్తునకు, అనగా నేలకు ఒక అడుగు ఎత్తునకు వంగి గాలి పీల్చితిమి. కన్నుల నీరు కాఱెను, గొంతు మండెను. అది మూత్రమునుండి పుట్టు అమ్మోనియా వాయువు. తడిసిన పరుపుగడ్డియే దానికి పుట్టుచోటు గనుక నేలదాపున చిక్కగా నుండును. నిలుచున్న మనిషికి తెలియదు. పండుకొన్న గుఱ్ఱమునకు రాత్రియంతయు అదియే యూపిరి. పైన అటకమీది గడ్డిలో బూజు పట్టి, కదిపినప్పుడెల్ల దాని ధూళి క్రింద నున్న గుఱ్ఱముల ముక్కులలోనికి రాలుచుండెను.

మఱునాడు ఆ రైతు తాను కూలియిచ్చి కట్టించిన గోడలను కూలియిచ్చి పడగొట్టించెను. దక్షిణపుగోడ నాలుగున్నర అడుగులకు దింపి పైన కమ్మీలు పెట్టించితిమి. అటక తీసివేయించితిమి. ఇంటికొప్పు పొడవునను ఒక అడుగు సందు తీసి, దానిమీద వాన పడకుండ ఎత్తుగా నొక చిన్నకప్పు వేయించితిమి. సంక్రాంతినాటికి రెండు గుఱ్ఱములు కుదురుకొన్నవి. మూడవదాని యూపిరి మాత్రము తిరిగి మునుపటివలె కాలేదు. నాలుగడుగులు పరుగెత్తినచో డొక్కలు ఎగరవేయుచుండెను. దాని యజమాని దానిని తోలుకొనిపోయి, తన తక్కిన గుఱ్ఱములను కూడ వేఱొకచోటికి మార్చెను. సగము సాల ఖాళీ యయ్యెను. ఆ సంవత్సరపు వాయిదా చెల్లించుటకు రైతు పాడిగేదె నమ్మెను. కట్టుబడికి ముందు ఆ పటమును ఆయన మాకు చూపియుండెను. మేము నేలవాలు సంగతి చెప్పితిమి గాని గాలి సంగతి అడుగలేదు. ఆ గేదె అమ్మకములో మా పాలును కలదు.

కావున గాలికి లెక్క యిది. చూరుకడ సాల ఎత్తు 10 అడుగులకు తగ్గరాదు. కొప్పుకడ 14 అడుగులైనచో మేలు. వేడెక్కిన గాలి పైకి పోయి కొప్పుసందున వెడలును. దానిస్థానమున చల్లనిగాలి ప్రక్కలనుండి లోనికి వచ్చును. ఈ పనికి విద్యుత్తు అక్కఱలేదు. అరకును అరకును నడుమ అడ్డుగోడ నాలుగున్నర అడుగులవఱకే కట్టి, పైన ఇనుప కమ్మీలు నిలుపవలెను. కమ్మీల నడుమ సందు మూడంగుళములకు మించరాదు, మించినచో గిట్ట ఇరుకును. కమ్మీలగుండ గుఱ్ఱములు ఒకదానినొకటి చూచుకొనుచుండును. మందలో బ్రతుకు జంతువు గనుక ఒంటిగా మూసిపెట్టినచో అది గోడలు కొఱుకుట, ఊగుట మొదలగు దురలవాట్లు నేర్చుకొనును. కప్పునకు బెంగుళూరు పెంకు శ్రేష్ఠము. రేకు చవుక యని దానినే కోరువారు రేకుక్రింద జానెడు సందు విడిచి తడక కట్టింపవలెను, పైన తెల్లసున్నము పూయింపవలెను.

నేలవిషయమున మనవారికి తాండూరు బండ సుళువుగా దొరకును గనుక దానినే పఱచుదమని యనుకొందురు. నున్నని బండమీద మూత్రము పడినచో లాడములు గల గుఱ్ఱము జాఱి పడును. కాలు విఱిగిన గుఱ్ఱము సాధారణముగా బ్రతుకదు. అరలో మొరమును తడిపి దిమ్మిసకొట్టి గట్టిచేసి, దానిపై ఇసుక, ఆపైన ఎండిన వరిగడ్డియో ఊకయో పఱచుట మేలు. 12 అడుగులకు రెండంగుళముల చొప్పున వసారావైపునకు వాలు ఉంచవలెను. అంతకు మించిన వాలున గుఱ్ఱము దినమంతయు ఎగుడుదిగుడుగా నిలిచి కాళ్లనరములు నొప్పిపడును. వసారా వెలుపల లోతులేని తెఱపికాలువ చాలును. మూసిన కాలువ ఎవరును చూడరు గనుక గడ్డితో పూడి, ఎలుకలకు ఇల్లగును.

నీటితొట్టి సంగతి కొంచెము నిలిచి చెప్పవలెను. పశువులకు మనము పొడవైన తొట్టి యొకటి కట్టి అన్నిటిని దానికడకే తోలుదుము. గుఱ్ఱములకు అట్లు చేయరాదు. గ్లాండర్సు అను ముక్కురోగ మొకటి కలదు. రోగముగల గుఱ్ఱపు చీమిడి తొట్టినీటిలో పడినచో ఆ నీరు త్రాగిన గుఱ్ఱములకు సోకును. వానిని తోము మనిషికిని సోకవచ్చును, అతని ప్రాణమునకును ముప్పు. దీనికి టీకా లేదు. పశువుల అంటురోగములనుగూర్చి 2009లో చేయబడిన కేంద్రచట్టమున ఈ రోగము చేర్చబడినది; కనబడినచో తెలియజేయక తప్పదు, రోగము స్థిరపడిన గుఱ్ఱమును చంపక తప్పదు. హర్యానాలోని హిస్సారునందు స్థాపింపబడిన జాతీయ అశ్వపరిశోధన కేంద్రము ఈ పరీక్షలకు పేరొందినది. కావున ప్రతి అరకును దాని బొక్కెన దానికే, దాని గాడి దానికే. గాడి గుఱ్ఱపు ఱొమ్ముకంటె ఎత్తున కట్టరాదు. అది తల వంచి తినుటకే పుట్టినది, తల వంచినప్పుడే ముక్కులోని ధూళి వెలికి జాఱును. క్రొత్తగా వచ్చిన గుఱ్ఱమునకు తక్కినవానికి నూఱడుగుల దూరమున ఒక ప్రత్యేకపు అర కట్టి, మూడు వారము లచ్చటనే యుంచి, పిమ్మట లోనికి తేవలెను. అద్దెగుఱ్ఱములు నానాచోట్లనుండి వచ్చును గనుక ఈ ఒంటి అర లేని సాలకు మేము అప్పు సిఫారసు చేయము. త్రాగునీరు గుఱ్ఱమొక్కింటికి దినమునకు 30 మొదలు 40 లీటర్లు, వేసవిలో అంతకు హెచ్చు. కడుగుటకు వేఱు. ఐదు గుఱ్ఱముల సాలకు వెయ్యి లీటర్ల తొట్టి ఎత్తుమీద ఉండవలెను.

లద్దె దినమునకు గుఱ్ఱమొక్కింటికి 15 మొదలు 20 కిలోలు. ఐదు గుఱ్ఱములైనచో సంవత్సరమునకు 25 టన్నులకు మించును. తడిసిన పరుపుగడ్డి దీనికి అదనము. రైతునకు ఇది బంగారమే. అయినను గుంట ఎచ్చట త్రవ్వవలెనన్న ప్రశ్న కలదు. బావికి ఎగువన త్రవ్వరాదు. సాలకు పడమట త్రవ్వరాదు, వానకాలపు గాలి వాసనను, ఈగలను సాలలోనికే మోసికొనివచ్చును. తూర్పుకొనకు నూఱడుగుల దూరమున, చుట్టును గట్టువేసి, పైన చిన్నపందిరితో ఉండవలెను. వెచ్చనిదినములలో ఈగ గ్రుడ్డునుండి ఈగయగుటకు వారము పదిదినములు చాలును. కావున లద్దెను ప్రతిదినమును గుంటకు చేర్చి, కుప్పను బిగించి మట్టితో కప్పవలెను. కుప్పలోపల పుట్టు వేడికి పురుగుల గ్రుడ్లు చచ్చును. పచ్చిలద్దెను గుఱ్ఱములు మేయు బీటిలో చల్లినచో కడుపుపురుగులను మనమే విత్తినట్లగును.

ఇందు మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెందిన సంగతి యున్నది. మాదాపురపు దుర్గము చెఱువునుండి కుతుబ్షాహీల కాలమున గోలకొండకు త్రాగునీరు పోయెడిది. చుట్టును మేడలు లేచిన పిదప మురుగుచేరి, గుఱ్ఱపుడెక్క అల్లుకొని, దానిని శుద్ధిచేయుటకు యంత్రములు పెట్టవలసివచ్చినది. ఇప్పుడు సాలలు లేచుచున్న మొయినాబాదు, శంకరుపల్లి ప్రాంతముల గ్రామములు అనేకము ఉస్మానుసాగరు, హిమాయతుసాగరులకు ఎగువన నున్నవి. 1908వ సంవత్సరపు మూసీ వఱదల పిమ్మట కట్టబడిన ఆ రెండు జలాశయములలో మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. 1996వ సంవత్సరపు 111వ సంఖ్య ప్రభుత్వోత్తరువు అచ్చటి 84 గ్రామములలో కట్టుబడులను నియమించెను. 2022వ సంవత్సరపు 69వ సంఖ్య ఉత్తరువు, ఆ చెఱువుల నీరు చెడరాదను షరతుమీద, ఆ నియమములను సడలించెను. అచ్చటి సభ్యులు ముందుగా కార్యాలయమున విచారించి వ్రాతమూలమైన అనుమతి పొంది పునాది త్రవ్వవలెను. ఉత్తరువులు ఎట్లున్నను వాననీరు పల్లమునకే పోవును. మన నేల పైన జానెడు ఎఱ్ఱమట్టి, క్రింద నల్లరాయి; కడిగిన నీరు ఇంకదు, ప్రవహించును. కాలువనీటిని వాగులోనికి విడువక, గడ్డిమడిలోనికి మళ్లింపవలెను. పచ్చగడ్డికి ఎరువు, వాగుకు మేలు.

గడ్డివామి సాలకప్పుక్రింద ఉండరాదని పై కథలో చెప్పితిమి. ధూళికంటె భయంకరమైనది నిప్పు. తడియారని గడ్డిని కుప్పవేసినచో లోపల తానే వేడెక్కి అంటుకొనును. వామి సాలకు అఱువదడుగులైనను దూరముండవలెను. తీగెలు ఇనుపగొట్టములో నడుపవలెను, ఎలుకలు కొఱుకకుండ. వసారాకు రెండు కొనలయందును దారి యుండవలెను. అర తలుపులు వెలికి తెఱచుకొనవలెను. గడియ చీకటిలో ఒక చేతితో తీయదగినదై యుండవలెను. రాత్రివేళ తాళము వేయరాదు. ప్రతి తలుపుప్రక్కను ఒక తలత్రాడు వ్రేలాడవలెను. మంటలు లేచినప్పుడు బయటికి తోలిన గుఱ్ఱము బెదరి తన యిల్లని మరల ఆ సాలలోనికే పరుగెత్తవచ్చును. కావున తోలిన వెంటనే వెనుక తలుపు మూయవలెను, దూరముగా కంచెలోనికి చేర్చవలెను. ఆ కంచెకు ముండ్లతీగె వాడరాదు. గుఱ్ఱమునకు ధనుర్వాతము తేలికగా వచ్చును. తుప్పుమేకు గ్రుచ్చుకొన్న చిన్నగాయము చాలును.

సాలముందు అందమునకై గన్నేరు నాటరాదు. నాలుగాకులు కొఱికినను ప్రాణాపాయమే. ఆముదపు గింజలును అట్టివే. ఆముదపుకాయల పొట్టును పరుపుగా వేయరాదు, గింజ యొకటి రెండైనను అందుండును. వేప, చింత, కానుగ పడమట నాటుడు.

ఐదు గుఱ్ఱములకు మేము గీచిన పటము ఇట్లుండును. వరుసగా ఏడు గదులు, ఒక్కొక్కటి 12 అడుగులు. పడమటనుండి మొదటిది జీనులకు, కళ్లెములకు. రెండవది ఉలవలకు, తవుడునకు. తక్కిన ఐదును అరలు. తొమ్మిదంగుళముల గోడలు ఎనిమిది కలిసి 6 అడుగులు. మొత్తము పొడవు 90 అడుగులు. వసారా 10 అడుగులు కలుపుకొని వెడల్పు ఇంచుమించు 24 అడుగులు. ఇది రెండు గుంటల చోటు. రెండు వరుసలు ఎదురెదురుగా కట్టి నడుమ దారి విడిచినచో కప్పు ఖర్చు తగ్గునని కొందఱందురు. తగ్గును, కాని ఒక్కొక్క అరకు ఒకప్రక్కనే గాలి తగులును. ధాన్యపుగది తలుపు తనంతట తాను మూసికొనునట్లుండవలెను. రాత్రి త్రాడు విడిపించుకొన్న గుఱ్ఱము పోవునది అచ్చటికే. బస్తా ఉలవలు తిని తెల్లవాఱుసరికి శూలతో నేలబడును. ఒకటి రెండు తట్టులు మాత్రమే కలవారికి ఇంత కట్టుబడి అక్కఱలేదు. పడమట ఒక గోడ, పైన పెంకు, మూడుప్రక్కల కఱ్ఱకంచె చాలును. దానికై అప్పు చేయవద్దు.

కడపటి మాట పటమునుగూర్చి. మేము చిన్ననాడు మిషను బడిలో చదువునప్పుడు లెక్కల పంతులుగారు మమ్ము పలకమీద ఇంటిపటము గీయనిచ్చి, వెంటనే ఆటస్థలమునకు తీసికొనిపోయి దానినే నేలమీద అసలు కొలతలతో గీయించెడివారు. పలకమీద విశాలమైన గది నేలమీద పందిగూడుగా తేలెడిది. మీరును అట్లే చేయుడు. కొయ్యమేకులు పాతి, త్రాడు లాగి, అరలకు, వసారాకు, గుంటకు, వామికి ముగ్గు పోయుడు. ఒక గుఱ్ఱమును తెప్పించి ముగ్గుగీతల నడుమ నడిపించి, అరలో వెనుకకు త్రిప్పించి చూడుడు. లద్దె తట్ట నెత్తిన బెట్టుకొని మీరే గుంటవఱకు ఒకసారి నడువుడు. పిమ్మట ఒక మంచి వానకు ఆగుడు. వాన వెలిసిన గంటకు పోయి, నీరు నిలిచిన చోటులలో మేకులు పాతి, వానిని కూడ పటములో గుర్తించి, అప్పుదరఖాస్తుతోపాటు మా యొద్దకు తెండు. స్థలమును మేమే వచ్చి చూచెదము, తెల్లవాఱుజామున వచ్చెదము.